పైన వైశాఖం, కింద పుష్యం

"అమ్మాయ్, మీకు పైన వైశాఖమూ, నాకు కింద పుష్యమాసమూనా?" అన్నారు అత్తగారు, స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుంటూ.

మాది షికాగో దగ్గర మేడ ఇల్లు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేరని ఆవిడకి కింది గది ఇచ్చాం. పైన మేం ఫ్యాను వేసుకుంటే, కింద ఆవిడ రగ్గులో ముడుచుకునేవారు. థర్మామీటరు పెట్టి చూస్తే పది ఫారన్‌హీటు డిగ్రీల తేడా!

ఇక్కడ ఇల్లంతటికీ బేస్‌మెంటులో ఒకటే ఫర్నేసు. గ్యాసు మంటతో గాలిని వేడిచేసి, రేకు గొట్టాల్లోంచి గదులకు పంపుతుంది. మాది 22 ఏళ్లది. "ఈ చలికాలం గడిపేద్దాంలే" అన్నారు మావారు. నేనూ సరేనన్నాను. అత్తగారు రెండుసార్లు తలనొప్పంటే ప్రయాణపు బడలికనుకున్నాను.

మెకానిక్కు వచ్చి చూసి, వెంటనే గ్యాసు కట్టేశాడు. మంటనీ, మనం పీల్చే గాలినీ వేరుచేసే హీట్ ఎక్స్ఛేంజరు పగిలిందట. అలా పగిలితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. రంగూ వాసనా లేని విషం. మొదటి లక్షణం తలనొప్పేనట! నా కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. అత్తగారి తలనొప్పి దానివల్లో కాదో ఇప్పుడెలా చెప్పగలం? అలారం ఉందిగా అనుకుంటే, దాని గడువు ఎప్పుడో తీరిపోయింది.

కొత్తదానికి మొదట వచ్చినాయన "ఇంకా పెద్దది పెట్టుకోండి" అన్నాడు. రెండో ఆయన గోడలూ కిటికీలూ కొలిచి, లెక్కకట్టి, చిన్నదే చాలన్నాడు. పెద్దదైతే గబగబా మండి ఆగిపోతుంది, వేడి మూలలకు చేరదు. రెండు దశల్లో మండేదైతే సన్నసెగ మీద ఎక్కువసేపు నడుస్తుంది. పప్పు ఉడికించే మనకి ఆ కిటుకు తెలియనిదా! పాతదానిలో నూరు డాలర్ల గ్యాసుకి 20 పొగగొట్టం పాలయ్యేవి. ఇందులో నాలుగే.

మరి మిగతా పని? గొట్టాల అతుకులు పూడ్చారు. పైకెళ్లే గొట్టాల్లో డాంపర్లు కాస్త మూశారు. అత్తగారి గదిలో గాలి వెనక్కి పోయే జాలీకి అడ్డంగా నేను పెట్టించిన బీరువాని జరిపించారు. సిగ్గేసింది. ఇప్పుడు తేడా రెండు డిగ్రీలే.

ఇది అమెరికా గోల, మనకెందుకు అనుకోకండి. తలుపులు బిగించిన బాత్రూములో గ్యాసు గీజరున్నా, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టినా వచ్చేది ఆ విషమే. గాలి ఆడే దారి ఉంచండి. ఇంట్లో పెద్దవాళ్లు "తలనొప్పే అమ్మాయ్" అంటే మాత్ర ఇచ్చి ఊరుకోకండి, ఒక్కసారి ఆ గదిలోకి వెళ్లి చూడండి.