అటకమీది సైనిక రేడియో

రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసిన పిమ్మట సైన్యములకు అక్కరదీరిన వైర్‌లెస్ యంత్రములు లోకమంతట మిగులుసరకుగా అమ్ముడుపోయినవి. బ్రిటిషు, కెనడా సైన్యములు ట్యాంకులలో నమర్చుకొనిన 19వ నంబరు సెట్టు వానిలో పేరెన్నికగన్నది. ఇట్టి పెట్టె పెద్దలనాటినుండి అటకమీద నున్న గృహస్థుడు గాని, వేడుకపడి కొనదలచినవాడు గాని దానిని పాత గడియారముతో సమానముగా నెంచును. చట్టము అట్లెంచదు.

1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము, యంత్రమును వాడుటయేగాక దగ్గర నుంచుకొనుటనే లైసెన్సునకు లోబరచెను. ఒకని యధీనమందలి యింట యంత్రము దొరకినచో అది యతని స్వాధీనమున నున్నట్లు న్యాయస్థానము ఊహింపవచ్చునని అందు గలదు. తాతగారు కొన్నదను సమాధానము చాలదు. 1949 నాటి సవరణ, లైసెన్సులేక ట్రాన్స్‌మిటరు నుంచుకొనువానికి మూడేండ్లవరకు ఖైదు విధింప వీలు కల్పించెను. 2023లో మన పార్లమెంటు చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టమును, రేడియో పరికరమును కలిగియుండుటకే అనుమతి వలయునను సూత్రమును నిలిపినది.

ఈ కట్టుదిట్టములు పుట్టిన కాలమును మరువరాదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమము చెలరేగి నాయకులు చెరసాలల పాలయినప్పుడు, బొంబాయిలో ఉషా మెహతా ప్రభృతులు రహస్యముగా కాంగ్రెసు రేడియోను నడపిరి. నవంబరులో పోలీసులు దానిని పట్టుకొనిరి. ఆమెకు నాలుగేండ్ల కారాగారశిక్ష పడెను. పరప్రభుత్వము ప్రజల కంఠమునకే భయపడెను; స్వప్రభుత్వమునకు ఆ భయము తగదు. అయినను విమానములకును, ఓడలకును, దేశరక్షణకును ఆకాశతరంగములయందు క్రమము అవసరము. కావున నియమమే వలదని మేమనము. సామాన్యునకు అది తెలియునట్లును, పాటింప సులభమగునట్లును ఉండవలెనందుము.

యజమాని మొదట తన యంత్రము కేవలము వినునదో, మాటను పంపునదియో తెలిసికొనవలెను. పంపునదైనచో లైసెన్సుగల హ్యామ్ రేడియో అభ్యాసి సలహాతో కేంద్రప్రభుత్వపు వైర్‌లెస్ శాఖకు వ్రాయుట మేలు. హ్యామ్ లైసెన్సునకు 12 ఏండ్లు నిండినవారు పరీక్షకు కూర్చుండవచ్చును. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983లో నెలకొనినది. లైసెన్సు దొరకినను హద్దు గలదు. 19వ నంబరు సెట్టు 2 మొదలు 8 మెగాహెర్ట్జులవరకు పలుకును, అందు 7.0 నుండి 7.2 వరకు గల భాగము మన హ్యాములకు చెందినది. సుమారు 235 మెగాహెర్ట్జులవద్ద పనిచేయు దాని రెండవ భాగము వారిది కాదు. మీట త్రిప్పగలిగినంత మాత్రమున పలుకు హక్కు రాదు.

చట్టముతోపాటు ప్రాణమును చూచుకొనవలెను. ఈ సెట్టులోని వాల్వులకు సుమారు 500 వోల్టుల విద్యుత్తు అందును. తీగ లాగివేసిన వెనుకను కండెన్సర్లలో విద్యుత్తు నిలిచియుండి కొట్టగలదు. దశాబ్దములు మూలబడిన యంత్రమునకు ఒక్కసారిగా కరెంటు నిచ్చినచో ఎండిన కండెన్సర్లు పగులును, ట్రాన్స్‌ఫార్మరు కాలును; తెలిసినవానిచే శోధింపించి వోల్టేజిని మెల్లగా పెంచవలెను. ఆనాటి కొన్ని సైనిక యంత్రముల డయళ్లపై చీకటిలో వెలుగుటకై రేడియము కలిసిన రంగు పూసిరి. వెలుగు ఆరినను విషము ఆరదు. రేడియము సగము తరుగుటకే 1,600 ఏండ్లు పట్టును. అట్టి డయలును విప్పుట, గీకుట, పిల్లలచేతి కిచ్చుట కూడదు.

శిక్షకు జడిసి ఇట్టి యంత్రమును పాతసామానువానికి తూచియిచ్చిన యెడల కొన్ని రూపాయలు వచ్చును. యుద్ధకాలపు సాక్ష్య మొకటి కరగిపోవును. ప్రజాహితముకొరకు అనుమతినుండి మినహాయింపు నిచ్చు అధికారమును 2023 నాటి చట్టమే కేంద్రప్రభుత్వమున కిచ్చినది. మాటను పంపలేకుండ చేయబడి ప్రదర్శనకై యుంచబడిన ప్రాచీన యంత్రములకు, ఒక్క పత్రముపై నమోదుతో ఆ మినహాయింపు నొసగుట న్యాయము. పౌరుడు దాపరికము మానవలెను. ప్రభుత్వము అనుమానము మానవలెను. అప్పుడే అటకమీది చరిత్ర వెలుగు చూచును.