మిగిలిన గడ్డలో రోగమున్నదా?

లింఫోమా రోగమున మెడయందో చంకయందో లింఫు గ్రంథు లుబ్బుట కలదు. చికిత్స ముగిసినను గడ్డ కొంత మిగిలినచో, అది సజీవమైన రోగమా, ఉత్త మచ్చయా? సి. టి. చిత్రము పరిమాణమును చూపును, సజీవత్వమును చెప్పజాలదు. పెట్ పరీక్షలో ఫ్లోరిన్-18 చేర్చిన చక్కెరవంటి పదార్థమును నరములోని కెక్కింతురు. పెక్కు రకముల లింఫోమాలలో రోగకణములు దానిని విశేషముగా గ్రహించి చిత్రమున వెలుగును. మెదడును, మూత్రాశయమును గూడ వెలుగును. వెలిగినదెల్ల రోగము కాదు. కావుననే ఆ వెలుగును రక్తముతోను, కాలేయముతోను పోల్చి 1 మొదలు 5 వరకు అంకె వేయుదురు.

2016లో వెలువడిన యొక పరిశోధన నాకు మిక్కిలి ముఖ్యముగా దోచుచున్నది. ముదిరిన హాడ్జ్‌కిన్ లింఫోమాలో రెండావృత్తముల మందు పిదప చిత్రము నిర్మలమైనవారికి, ఊపిరితిత్తులకు హాని చేయగల బ్లియోమైసిన్‌ను మానినను ఫలిత మించుమించు సమానముగానే యుండెను. రోగనిర్ణయమునకు మాత్రము, ఎంత చక్కని చిత్రమున్నను, గ్రంథిముక్కను దీసి పరీక్షింపవలసినదే.