నేపథ్య గాయకుడి రికార్డింగు జీవితం: ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం

6.0 ఈ పాఠం ఎందుకు?

గత పాఠంలో గ్రామఫోను రికార్డు మన ఊళ్ళకు ఎలా వచ్చిందో తెలుసుకున్నారు. ఈ పాఠంలో ఒక గాయకుడి వృత్తి జీవితాన్ని రికార్డింగు వైపు నుంచి పరిశీలిస్తాం. బాలసుబ్రహ్మణ్యం గొంతు మీకు కొత్త కాదు. అందుకే ఆయన్ని ఉదాహరణగా తీసుకున్నాం. పాఠం చదివిన తరవాత మీరు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలగాలి. పాట రికార్డు చేసే పద్ధతి మారినప్పుడు గాయకుడి పని ఎలా మారింది? ఒక గాయకుడు ఇన్ని వేల పాటలు పాడాడు అన్న లెక్కను ఎలా చూడాలి? పాడిన పాట చట్టం దృష్టిలో ఎవరిది? మూడో ప్రశ్నకు జవాబు చాలామంది అనుకునేదానికి భిన్నంగా ఉంటుంది. అందుకే దానికి ఎక్కువ చోటు ఇచ్చాం.

6.1 నెల్లూరు నుంచి మద్రాసుకు

బాలసుబ్రహ్మణ్యం 1946 జూన్ 4న పుట్టారు. తండ్రి ఎస్.పి. సాంబమూర్తి హరికథకులు. నెల్లూరులో త్యాగరాజ ఆరాధన ఉత్సవాలు జరిపించినవారు. హరికథకుడి ఇంట్లో పెరగడం వల్ల ఆయనకు ఒక మేలు జరిగిందని మనం ఊహించవచ్చు. కథకుడు ఒక్కడే రాజవుతాడు, మంత్రి అవుతాడు, ఏడ్చే తల్లి కూడా అవుతాడు. పాత్రను బట్టి గొంతు మార్చే ఈ విద్య తరవాతి రోజుల్లో ఆయన ప్రత్యేకతగా పేరు పొందింది. అయితే శాస్త్రీయ సంగీతాన్ని ఆయన గురువు దగ్గర పద్ధతిగా నేర్చుకోలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, 6.3లో మళ్ళీ వస్తుంది.

కొడుకు ఇంజనీరు కావాలన్నది ఇంటివారి కోరిక. అనంతపురం ఇంజనీరింగు కళాశాలలో చేరి, అక్కడ కొనసాగించలేక, మద్రాసులో ఏ.ఎం.ఐ.ఇ. చదువులో చేరారు. ఇక్కడ భూగోళాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినా మద్రాసు మనకు రాలేదు. తెలుగు సినిమా మాత్రం మరో మూడు నాలుగు దశాబ్దాల పాటు ప్రధానంగా అక్కడే ఉండిపోయింది. రికార్డింగు థియేటర్లు, వాద్యకారులు, గ్రామఫోను కంపెనీ మనుషులు అందరూ అక్కడే. నెల్లూరు నుంచి గూడూరు మీదుగా రైలెక్కితే మద్రాసు సుమారు 175 కిలోమీటర్లు. శ్రీకాకుళం కుర్రవాడికీ నెల్లూరు కుర్రవాడికీ ఆ నగరం ఒకే దూరంలో లేదు. ప్రతిభను గురించి రాసేటప్పుడు మనం ఈ దూరాన్ని తరచుగా మరిచిపోతాం.

1964లో మద్రాసులో జరిగిన ఒక పాటల పోటీలో ఆయనకు మొదటి బహుమతి వచ్చింది. అక్కడ ఆయన పాట విన్న సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి ఆయన్ని చేరదీశారు. ఆ రోజుల్లోనే ఆయన ఒక లలిత సంగీత బృందాన్ని నడిపేవారు. అందులో గిటారు, హార్మోనియం వాయించిన యువకుడి పేరు ఇళయరాజా. ఈ పేరు 6.5లో మరొక సందర్భంలో వస్తుంది.

6.2 మొదటి పాట: 1966 డిసెంబరు 15

హాస్యనటుడు పద్మనాభం నిర్మించిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ చిత్రానికి ఆయన తొలి పాట రికార్డయింది. సంగీతం కోదండపాణి. పాడినది ఒంటరిగా కాదు. పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య పక్కన నిలబడి పాడవలసి వచ్చింది. సినిమా 1967లో విడుదలైంది.

ఆనాటి రికార్డింగు ఎలా జరిగేదో కొంచెం ఆగి ఆలోచించండి. వాద్యబృందమంతా ఒక హాలులో కూర్చునేది. గాయకులు మైకు ముందు నిలబడేవారు. పాట మొదటి నుంచి చివరి వరకు ఒకే విడతలో సాగాలి. వయొలిన్లలో ఒకటి తప్పినా, తబలా ఒక దెబ్బ తడబడినా, గాయకుడు ఒక పదం మింగినా మళ్ళీ మొదటికి రావాలి. ముప్పై నలభై మంది వాద్యకారుల సమయం కొత్త గాయకుడి తప్పు వల్ల వృథా అవుతుంటే థియేటరు అద్దె పెరుగుతూ ఉంటుంది. అందుకే నిర్మాతలు కొత్తవారిని పిలవడానికి వెనకాడేవారు. అది కేవలం పక్షపాతం కాదు, డబ్బు లెక్క కూడా.

మరి కొత్తవాడి గొంతును ఇతర సంగీత దర్శకులు వినేదెలా? రికార్డింగు ఇంజనీరు స్వామినాథన్ ఆ మొదటి పాట టేపును వెంటనే చెరిపేయకుండా చాలాకాలం ఉంచారని, వచ్చినవారికి కోదండపాణి దాన్ని వినిపించేవారని బాలసుబ్రహ్మణ్యం చెబుతుండేవారు. టేపు ఖరీదైన వస్తువు, పని అయ్యాక చెరిపి మళ్ళీ వాడుకునేవారు. కాబట్టి ఒక ఇంజనీరు ఒక టేపును దాచడం చిన్న సహాయం కాదు. బాలసుబ్రహ్మణ్యం తరవాత మద్రాసులో తాను నిర్మించుకున్న రికార్డింగు థియేటరుకు కోదండపాణి పేరే పెట్టారు.

6.3 గొంతు ఎవరిది, పాత్ర ఎవరిది?

తొలి సంవత్సరాల్లోనే ఆయన తెలుగు దాటి వెళ్ళారు. 1967లో కన్నడంలో పాడారు. 1969లో ఎం.జి. రామచంద్రన్ నటించిన ‘అడిమైప్పెణ్’తో తమిళంలో పేరు వచ్చింది. ఆ పాట రికార్డింగు సమయానికి ఆయనకు టైఫాయిడ్ వస్తే, వేరొకరితో పాడించకుండా కోలుకునేదాకా ఎం.జి.ఆర్. ఆగారన్నది తమిళనాట అందరికీ తెలిసిన సంగతి. అదే 1969లో వచ్చిన ‘ఏకవీర’లో ఘంటసాలతో కలిసి పాడారు. 1974లో ఘంటసాల మరణించాక తెలుగు నేపథ్య గానంలో ఏర్పడిన ఖాళీలోకి ఆయన క్రమంగా వచ్చారు.

ఈ ‘ఖాళీ’ అన్న మాటను కొంచెం విప్పి చెప్పాలి. ప్రేక్షకుల చెవిలో అక్కినేని గొంతు అంటే ఘంటసాల గొంతే. కొత్త గొంతును అక్కినేని పెదవుల మీద వాళ్ళు ఒప్పుకోవాలి. బాలసుబ్రహ్మణ్యం దీనికి కనిపెట్టిన మార్గం, నటుడు మాట్లాడే తీరును పాటలోకి తేవడం. ఎన్.టి. రామారావుకు ఒక బరువు, కృష్ణకు మరొక తీరు, అల్లు రామలింగయ్యకు ఇంకొక వెటకారం. కొందరు విమర్శకులు దీన్ని అనుకరణ అంటారు. ఈ పాఠ రచయిత అభిప్రాయంలో అది అనుకరణ కంటే నటనకు దగ్గర. డబ్బింగు కళాకారుడిగా ఆయన కమల్ హాసన్‌కు తెలుగులో గొంతు ఇవ్వడం, ‘గాంధీ’ తెలుగు రూపంలో ప్రధాన పాత్రకు మాట్లాడడం ఆ పనికి కొనసాగింపే.

ఇక ‘శంకరాభరణం’. 1980 ఫిబ్రవరిలో విడుదలైన ఈ చిత్రంలో కథానాయకుడు సంగీత విద్వాంసుడు. పాడవలసిన వ్యక్తికి శాస్త్రీయ శిక్షణ లేదు. సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ సహాయకుడు పుహళేంది ఆయన దగ్గర కూర్చుని ఒక్కొక్క పాటనూ నేర్పించారు. దర్శకుడు కె. విశ్వనాథ్ సినిమాల్లోకి శబ్దగ్రాహకుడిగా వచ్చినవారు కాబట్టి మైకు ముందు గొంతు ఏం చేయగలదో ఆయనకు తెలుసు. ఈ చిత్రంతో బాలసుబ్రహ్మణ్యానికి 1979 సంవత్సరపు జాతీయ పురస్కారం వచ్చింది. మొత్తం ఆయనకు వచ్చినవి ఆరు: తెలుగులో మూడు, హిందీ, కన్నడ, తమిళాల్లో ఒక్కొక్కటి.

హిందీ పురస్కారం తెచ్చినది 1981 నాటి ‘ఏక్ దూజే కే లియే’. ఆయన ఉచ్చారణలో దక్షిణాది యాస ఉంటుందని సంగీత దర్శకులు లక్ష్మీకాంత్-ప్యారేలాల్ సందేహించారట. కథానాయకుడే హిందీ సరిగా రాని తమిళుడు, యాస ఉంటేనే సహజం అని దర్శకుడు బాలచందర్ పట్టుబట్టారు. లోపమనుకున్నదే పాత్రకు అతికింది. 1989లో ‘మైనే ప్యార్ కియా’ నాటికి ఆ సందేహం ఎవరికీ లేదు.

6.4 నలభై వేలు అంటే?

బాలసుబ్రహ్మణ్యం నలభై వేల పాటలు పాడారని పత్రికల్లో చదివి ఉంటారు. 1981 ఫిబ్రవరి 8న బెంగళూరులో ఉపేంద్రకుమార్ సంగీతంలో ఉదయం నుంచి రాత్రి లోపల 21 కన్నడ పాటలు పాడారనీ చెబుతారు. రెండో మాటను పక్కన ఉంచి మొదటిదాన్ని మీరే కాగితం మీద వేసి చూడండి. 1966 నుంచి 2020 వరకు సుమారు 54 ఏళ్ళు. నలభై వేలను 54తో భాగిస్తే ఏడాదికి దాదాపు 740. అంటే పండగలు, జబ్బులు, విదేశీ ప్రయాణాలు ఏమీ లేకుండా రోజుకు రెండు పాటలు. 1980లలో రోజుకు నాలుగైదు పాడిన గాయకుడికి ఇది పూర్తిగా అసాధ్యం కాదు. కాని ఏది ఒక పాటగా లెక్క? ఒకే బాణీ తమిళం నుంచి తెలుగుకు వస్తే ఒకటా రెండా? భక్తి క్యాసెట్లోని శ్లోకం పాటేనా? విడుదల కాని సినిమా సంగతేమిటి? వీటికి జవాబు లేని అంకె అంచనా మాత్రమే.

పోలిక కోసం, 2016లో గిన్నిస్ సంస్థ పి. సుశీల పేరిట నమోదు చేసిన సంఖ్య 17,695. ఇది జాబితా పెట్టి లెక్కించిన అంకె. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవరు ఎక్కువ పాడారని తేల్చకండి. అవి ఒకే కొలతతో కొలిచినవి కావు. పరీక్షలో రాసేటప్పుడు ‘నలభై వేల పాటలు పాడినట్లు చెబుతారు’ అని రాస్తే సరిపోతుంది.

1990లలో మల్టీట్రాక్, ఆ తరవాత కంప్యూటరు రికార్డింగు వచ్చాయి. ‘రోజా’ 1992లో వచ్చే నాటికి గాయకుడు వాద్యబృందంతో కలిసి పాడవలసిన అవసరం తగ్గిపోయింది. ఒక ట్రాకు మీద ఒక్కడే పాడి వెళ్ళవచ్చు. యుగళగీతంలోని ఇద్దరు ఒకరినొకరు చూడకుండానే పాట పూర్తవుతుంది. తప్పు పోయిన చోట ఒక్క పంక్తి మాత్రమే మళ్ళీ పాడవచ్చు. కొత్తవారికి తలుపులు తెరిచింది ఈ మార్పే. 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’లో ఆయన పిల్లల పాటను ఆపి, ఉచ్చారణ దిద్ది, రాసినవారి పేరు అడిగేవారు. ఒకే విడతలో పాడవలసిన కాలంలో పెరిగిన మనిషి పట్టింపులు అవి.

6.5 పాడినవాడిదేనా పాట?

వేరే దేశాల్లో పాప్ గాయకుడు తన పేరు మీద ఆల్బం విడుదల చేస్తాడు. ఫిలిప్పీన్స్‌కు చెందిన ఫ్రెడ్డీ అగ్విలార్ 1978లో తానే రాసి, స్వరపరచి, పాడిన పాటతో దేశాలు దాటి పేరు పొందాడు. అక్కడ రచయిత, స్వరకర్త, గాయకుడు ఒక్కరే. మన పద్ధతి వేరు. రికార్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది సినిమా పేరు. గాయకుడు ఒక రోజు పనికి పారితోషికం తీసుకుని వెళ్ళిపోతాడు.

మన చట్టం పాటను భాగాలుగా చూస్తుంది. సాహిత్యం ఒక రచన. స్వరరచన మరొకటి. ధ్వనిముద్రణ మూడోది, అది సాధారణంగా నిర్మాత చేతిలో, ఆయన నుంచి ఆడియో కంపెనీ చేతిలో ఉంటుంది. గాయకుడికి 1994 సవరణ వరకు ఇందులో హక్కే లేదు. ఆ సవరణ ప్రదర్శకుడి హక్కును గుర్తించింది. 2012 సవరణ, ప్రదర్శనను వాణిజ్యపరంగా వాడుకున్నప్పుడు గాయకుడికి రాయల్టీ రావాలని చెప్పింది. అంటే బాలసుబ్రహ్మణ్యం పాడినవాటిలో అత్యధికం ఈ రక్షణ లేని కాలానివి.

2017 మార్చిలో ఆయన గాన జీవితానికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన బాణీలను అనుమతి లేకుండా పాడవద్దని ఇళయరాజా తరఫున న్యాయవాది నోటీసు వచ్చింది. అభిమానులు రెండు పక్షాలయ్యారు. ‘పాడింది ఆయనే కదా’ అన్నది ఒక వాదన. చట్టం దృష్టిలో వేదిక మీద పాడడమంటే పాత ధ్వనిముద్రణను వాడడం కాదు. సాహిత్యాన్నీ స్వరరచననూ ప్రదర్శించడం. అక్కడ గాయకుడు ఎంత ప్రసిద్ధుడైనా ఆ పాటను మొదట పాడినవాడన్న కారణంగా అతనికి ప్రత్యేక అనుమతి ఉండదు. బాలసుబ్రహ్మణ్యం మిగిలిన కచేరీల్లో ఆ పాటలు పాడనని ప్రకటించారు. 2019లో ఇద్దరూ మళ్ళీ ఒకే వేదిక మీద కనిపించారు. స్నేహం వేరు, హక్కు వేరు. రెండింటినీ కలిపి చూడడం వల్లే ఆ రోజుల్లో అంత కోపం వచ్చింది.

6.6 తరవాతి సంగతులు

2020 ఫిబ్రవరిలో నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని వేద పాఠశాల కోసం కంచి మఠానికి అప్పగించారు. అదే ఏడాది సెప్టెంబరు 25న చెన్నైలో కన్నుమూశారు. ఆ నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెల్లూరులోని ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టింది. 2021లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ) 1966లో కొత్త గాయకుడికి అవకాశం ఇవ్వడం నిర్మాతకు ఎందుకు ఖర్చుతో కూడిన పని? అయిదు వాక్యాల్లో రాయండి.

ఆ) మీ ఇంట్లో తరచుగా వినే ఒక సినిమా పాటను ఎంచుకోండి. రచయిత, స్వరకర్త, గాయకులు, నిర్మాత, ఆడియో కంపెనీ పేర్లు సేకరించండి. మీ ఊరి ఆర్కెస్ట్రావారు ఆ పాటను టిక్కెట్టు పెట్టిన కచేరీలో పాడాలంటే వీరిలో ఎవరి హక్కులు అడ్డు వస్తాయి, ఎవరివి రావు? 6.5 మళ్ళీ చదివి, కారణాలతో రాసి, తదుపరి సంప్రదింపు తరగతికి తీసుకురండి.