నోట్లో తెల్లపూత: ‘వేడి’ అని ఊరుకోకండి

నోరు పూసిందంటే మన గోదావరి జిల్లాల్లో వెంటనే వినబడే మాట ‘వేడి చేసింది’ అని. కొబ్బరి నీళ్ళు, బి కాంప్లెక్సు మాత్రలతో చాలా పుండ్లు తగ్గిపోతాయి కూడా. కాని నాలుక మీద, అంగిట్లో, బుగ్గల లోపల పెరుగు తరకల్లాంటి పూత కనబడి, గుడ్డతో తుడిస్తే ఊడివచ్చి అడుగున ఎర్రగా ఉంటే అది వేడి కాదు. ‘కాండిడా’ అనే బూజు జాతి సూక్ష్మజీవి చేసే పని.

ఎవరికి వస్తుంది?

కాండిడా ఆరోగ్యవంతుల నోట్లో కూడా ఉంటుంది. రోగ నిరోధక శక్తి తగ్గినప్పుడు విజృంభిస్తుంది. పసిపిల్లలకు, మధుమేహ రోగులకు, కట్టుడు పళ్ళవారికి, ఉబ్బసానికి స్టిరాయిడ్ మందు పీల్చేవారికి ఈ పూత రావచ్చు. కనుక చూడగానే బెంబేలు పడనక్కరలేదు. ఇవేవీ లేని నడివయస్సు మనిషికి వచ్చి, మాటిమాటికీ తిరగబెడుతూంటే మాత్రం రక్తంలో చక్కెరతోపాటు హెచ్.ఐ.వి. పరీక్ష కూడా చేయించుకోవాలి. 1981లో అమెరికాలో మొట్టమొదట వెల్లడైన అయిదుగురు ఎయిడ్స్ రోగులకూ కాండిడా సోకి ఉంది.

హెచ్.ఐ.వి. మన రక్తంలోని సి.డి.4 కణాలను నాశనం చేస్తుంది. అవి ఘన మిల్లీమీటరుకు 200 కంటె తగ్గినవారిలో ఈ పూత ఎక్కువ. మెతుకు మింగుతూంటే రొమ్ములో నొప్పి వస్తే బూజు అన్నవాహికలోకి దిగిందని అనుమానించాలి. నెలల తరబడి వేడికి మందులు వాడి, మింగుడు పడక చిక్కి శల్యమై వచ్చినవారిని నేను చూశాను.

తుడిస్తే పోని తెల్లమచ్చ వేరు. చుట్ట, ఖైనీ అలవాటున్నవారు దాన్ని కాన్సరు భయంతో వెంటనే చూపించుకోవాలి.

చికిత్స

క్లోట్రిమజోల్ పూతమందుతో గాని, ఫ్లూకోనజోల్ మాత్రలతో గాని ఒకటి రెండు వారాల్లో పూత తగ్గుతుంది. అన్నవాహికకు దిగితే పూతమందు చాలదు. మాత్రలు రెండు మూడు వారాలు వాడాలి. గర్భిణులకు, కాలేయ వ్యాధి ఉన్నవారికి జాగ్రత్త అవసరం కనుక దుకాణంలో అడిగి కొనుక్కోకండి. తగ్గేదాకా ఆవకాయ మాని మజ్జిగన్నం, గంజి తీసుకోండి.

అయితే ఇది పైపై వైద్యం. అసలు వైద్యం ఏ.ఆర్.టి. మందులు. ఇవి 2004 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. 2017 నుంచి సి.డి.4 ఎంత ఉన్నా మొదలుపెడుతున్నారు. కాకినాడ, రాజమండ్రి, ఏలూరులలో ఈ కేంద్రాలున్నాయి. మందులు వాడుతున్నా పూత తిరగబెడితే మోతాదులు తప్పాయేమో చూసుకోండి. వైరల్ లోడ్ పరీక్ష చేయించండి.

ఇంట్లోవారికి ఒక మాట. కలిసి తిన్నంత మాత్రాన హెచ్.ఐ.వి. అంటదు. ఆ మనిషికి వేరే కంచం పెట్టకండి. 2017 నాటి చట్టం ప్రకారం ఇష్టం లేకుండా పరీక్ష చేయరాదు, ఫలితం బయటపెట్టరాదు. సందేహాలుంటే 1097 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. సిగ్గుపడి దాచుకుంటే పోయేది పరువు కాదు, ప్రాణం.