విల్లు సీనులో సాక్షులేరీ?

మన సినిమాల్లో విల్లు సీను మీరెన్నిసార్లు చూశారో గానీ, మా బాబాయి మాత్రం వందలసార్లు చూశాడు. ఆయన మా ఊరి టాకీసులో ఆపరేటరు. జమీందారు పోతాడు. నల్లకోటు లాయరు హాల్లో అందర్నీ కూర్చోబెట్టి కాయితం చదువుతాడు. విలన్ మొహం మాడిపోతుంది! ఆ సీనొస్తే చాలు, ప్రొజెక్టరు గది కన్నంలోంచి నాకూ చూపించేవాడు.

అసలు సంగతేమిటంటే, అలా లాయరొచ్చి చదవాలని మన చట్టంలో ఎక్కడా లేదు. స్టాంపు కాగితాలక్కర్లేదు. రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు (చేయిస్తే మంచిదే). పద్దెనిమిదేళ్ళు నిండి, మతి స్థిమితంగా ఉన్నవాళ్ళెవరైనా తెల్లకాగితం మీద రాసుకోవచ్చు. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఆఖరుదే చెల్లుతుంది. కానీ 1925 నాటి భారత వారసత్వ చట్టం ఒక్కచోట మాత్రం పట్టుబడుతుంది. కనీసం ఇద్దరు సాక్షులుండాలి. రాసినాయన సంతకం పెడుతుంటే వాళ్ళు చూడాలి, లేదా ‘ఇది నా సంతకమే’ అని ఆయన నోట వినాలి. ఆపైన ఆయన ఎదుటే వాళ్ళూ సంతకాలు చెయ్యాలి. సినిమావాళ్ళు ఈ ముక్క చూపించరు. పక్కింటివాళ్ళిద్దరు సంతకాలు పెడుతుంటే విజిలెవరు వేస్తారు లెండి!

బాబాయి 2017లో పోయాడు. పిన్ని అంతకు ముందే పోయింది. ఆయన మంచంలో ఉన్న రెండేళ్ళూ చూసుకున్నది ఆయన కూతురు, మా అక్క. ట్యూషన్లు చెప్పుకుంటూనే అన్నీ చేసింది. ట్రంకుపెట్టెలో పాత పాటల పుస్తకం మధ్య ఓ కాగితం దొరికింది. ఇల్లు అక్కకే అని రాశాడు. సంతకం ఉంది, తారీఖు ఉంది. సాక్షులు లేరు!

వకీలుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది ఉత్తరం బాబూ, విల్లు కాదు” అన్నారు. ఇల్లు బాబాయి స్వార్జితం. విల్లు లేనప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులిద్దరికీ కూతురికీ సమాన వాటాలే.

(వాటా అంటే గుర్తొచ్చింది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూడా ఆడపిల్లకి కొడుకుతో సమానంగా హక్కిచ్చిన ఆంధ్రప్రదేశ్ చట్టం మన ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పటిదే. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకి మాత్రం లేదు. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు.)

అన్నయ్యలు చెడ్డవాళ్ళేం కాదు. అప్పులున్నాయి, ఇల్లు అమ్మక తప్పలేదు. అక్క తన మూడోవంతు తీసుకుని అద్దె గదికి మారింది. మొన్న సంక్రాంతికి వెళితే ఆ కాగితం చూపించింది. ఇంకా పాటల పుస్తకంలోనే దాచుకుంది.