అటక మీది పెళ్లి క్యాసెట్‌కు ఏ కంప్యూటర్?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... 2016 అక్టోబరులో ఇవి జిల్లాలు కాకముందు, ఉమ్మడి పాలమూరులో జరిగిన పెళ్లిళ్లెన్నో ఇంకా వీహెచ్‌ఎస్ టేపుల్లోనే ఉన్నాయి. ఇప్పుడు లేని తాతయ్య నవ్వు, అమ్మమ్మ మాట వాటిలోనే భద్రం. టేపులకేమో బూజు పడుతోంది. జపాన్‌కు చెందిన ఫునాయ్ 2016 జులైలో వీసీఆర్‌ల తయారీనే ఆపేసింది!

మరి కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే లక్ష పెట్టాలా? అక్కర్లేదు. ఆ బొమ్మలో ఉండేది 576 గీతలే. దానికి గేమింగ్ కంప్యూటర్ కొనడమంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ఆఫీసుల్లో వాడి అమ్మేసిన డెస్క్‌టాప్ చాలు. ఇంటెల్‌లో 8వ తరం ఐ5 అయితే ఆరు కోర్లుంటాయి, విండోస్ 11 కూడా నడుస్తుంది. మోడల్ నంబరు చివర ‘ఎఫ్’ ఉంటే మాత్రం వద్దు. అందులో గ్రాఫిక్స్ ఉండదు, వేగంగా ఎన్‌కోడ్ చేసే క్విక్‌సింక్ కూడా రాదు. నిజానికి అదే సైజు ఫైలుకు ప్రాసెసర్‌తో నిదానంగా చేస్తేనే బొమ్మ బాగుంటుంది. రాత్రి పెట్టి పడుకునే పనికి తొందరెందుకు! పలుచటి ల్యాప్‌టాప్ అయితే మన ఎండలకు వేడెక్కి నెమ్మదిస్తుంది.

క్యాసెట్‌ను డీవీ పద్ధతిలో ఎక్కిస్తే గంటకు 13 జీబీ. మూడు గంటల పెళ్లికి దాదాపు 40. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్‌తో హెచ్.264లోకి మారిస్తే నాలుగైదు జీబీల్లో ఇమిడిపోతుంది. ‘డీఇంటర్‌లేస్’ మరిచిపోతే అక్షింతలు వేసే చేతుల అంచుల్లో దువ్వెన పళ్లే కనిపిస్తాయి.

బూజు పట్టిన టేపును నేరుగా వీసీఆర్‌లో పెట్టకండి. అది హెడ్‌కు అంటుకుని, తర్వాతి క్యాసెట్‌నూ పాడుచేస్తుంది.