హీరోయిన్ బుగ్గ మీద లేని పుట్టుమచ్చ!

బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో థియేటరు ముందు అద్దాల వెనక పెట్టిన స్టిల్సు చూసి టిక్కెట్టు కొన్నవాళ్లు కోకొల్లలు. ఆ ముఖాల నునుపులో మేకప్‌మాన్ పనితనమే కాదు, డార్క్‌రూములో మెజరింగ్ గ్లాసు పట్టుకున్న మనిషి లెక్క కూడా ఉందండోయ్! ఫిల్ముతో ఫొటోలు తీసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు గనుక ఆ లెక్కేమిటో చెబుతాను.

ముందు డెవలపర్, తర్వాత స్టాప్ బాత్, ఆపైన హైపో. ఫిల్ము కడిగే వరుస ఇది. స్టాప్ బాత్ అంటే పల్చటి అసిటిక్ యాసిడ్. అది మరీ పల్చనైతే డెవలపర్ పని వెంటనే ఆగదు, హైపో త్వరగా చెడుతుంది. ఘాటెక్కువైతే డెవలపర్‌లోని కార్బొనేట్‌తో కలిసి ఫిల్ము పొరలో బుడగలు లేపి, సూదిమొనంత చిల్లులు చేస్తుంది. నెగటివ్‌లో చిల్లు, ప్రింటులో నల్లచుక్క. ఇంకేం, హీరోయిన్‌కి దేవుడు పెట్టని పుట్టుమచ్చ! ప్రింటు చెడితే మరొకటి వేసుకోవచ్చు. నెగటివ్ చెడితే? మళ్లీ ఆవిడ డేట్సు దొరకాలి!

సీసాలో 28 శాతం యాసిడ్ ఉంది, మనకు 2 శాతం కావాలనుకోండి. కాగితం మీద ఎడమవైపు పైన 28, కింద నీళ్లకు 0, మధ్యలో 2 వేయండి. ఐమూలగా తీసివేయండి. 28లోంచి 2 పోతే 26. అన్ని పాళ్లు నీళ్లు. 2లోంచి 0 పోతే 2. అన్ని పాళ్లు యాసిడ్. మొత్తం 28 పాళ్లు. లీటరు కావాలంటే 1000ని 28తో భాగించి 2తో గుణించండి. సుమారు 71 మి.లీ. యాసిడ్, మిగతా 929 మి.లీ. నీళ్లు. అంతే! కానీ నీళ్లలోనే యాసిడ్ పోయాలి సుమండీ, యాసిడ్‌లో నీళ్లు కాదు.

పొడి మందులకు పద్ధతి వేరు. 10 శాతం పొటాషియం బ్రోమైడ్ కావాలంటే 10 గ్రాములు కొద్ది నీళ్లలో కరిగించి, ఆ తర్వాత 100 మి.లీ. గీత దాకా నీళ్లు నింపాలి. ముందే 100 మి.లీ. కొలిచి అందులో పొడి వేస్తే లెక్క తప్పుతుంది.

ఇంకో చిక్కుంది. 1:4 అని రాస్తే ఒక పాలు మందుకు నాలుగు పాళ్ల నీళ్లా, మొత్తం నాలుగు పాళ్లలో ఒకటా? మొదటిది 20 శాతం, రెండోది 25! అందుకే 1+4 అని రాయడం మేలు. 1891లో పేటెంటు పొందిన రోడినాల్ డెవలపర్‌ని 1+25గా కలపాలంటే, 20 మి.లీ.కి 500 మి.లీ. నీళ్లు. మొత్తం 26 పాళ్లన్న మాట.

నన్నడిగితే, కలిపిన ప్రతి సీసా మీదా శాతం, తేదీ రాసి అంటించండి. సూపర్‌స్టారు ఫొటో అయినా, మీ ఇంటి పెళ్లి ఫొటో అయినా, నెగటివ్ మాత్రం ఒక్కటే!